కూతవేటు దూరం ఎన్ని మీటర్లు?

"పొద్దుగూకే యాళయ్యా. కూతవేటు దూరంలో కనపడ్డాడు." సాక్షి బోనులో నిలబడిన ఆమె చెప్పింది ఇంతే. ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషిని చంపిన కేసు ఒకటి ఉందనుకుందాం. ఆమె పక్క గుంటలో మేత చల్లే కూలీ. ఆమె తెలుగులో చెబుతుంది, డిపోజిషన్ (కోర్టు రాసుకునే సాక్ష్యం) మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే టైపవుతుంది. జడ్జి చెబుతుంటే స్టెనో కొడతాడు: సాయంత్రం ఆరు గంటలకు, సుమారు వంద మీటర్ల దూరం నుంచి చూశాను. ఆరు అనే అంకె ఆమె నోట రాలేదు. మీటరు అన్న మాటా రాలేదు. చివర్లో చదివి వినిపిస్తారు, "సరేనా అమ్మా" అంటారు, ఆమె తలూపి వేలిముద్ర వేస్తుంది.

రెండేళ్ల కిందట పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో అదే సంగతి "రాత్రి ఏడున్నర గంటల ప్రాంతంలో" అని ఉంది. ముద్దాయి వకీలుకు కావలసింది ఆ గంటన్నర తేడాయే. ఆరింటికైతే వెలుతురుంది, మొహం కనపడుతుంది. ఏడున్నరకైతే చీకటి, లైటు వెలుగుతోందా లేదా అన్నది తేలాలి. ఒంగోలులో నవంబరులో ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటినా వెలుతురుంటుంది. అందుకే ఘటన ఏ నెలలో జరిగిందో కూడా సాక్ష్యంలో భాగమైపోతుంది. ఆమె అబద్ధమాడలేదు, పోలీసు రైటరూ కావాలని తప్పు రాయలేదు. ఒకే మాట రెండుసార్లు రెండు రకాలుగా గడియారంలోకి మారింది.

తెలుగులో కోర్టు కథలు రాసేవాళ్ళూ, సినిమాలు, సిరీస్‌లు తీసేవాళ్ళూ ఎక్కువగా వదిలేసేది సరిగ్గా ఈ చోటునే. ఉత్కంఠ వకీలు గొంతులో ఉందనుకుంటారు. అసలు విచారణలో అది ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ మధ్య ఉన్న తేడాలో ఉంటుంది.

కొలతల సంగతీ అంతే. నెల్లూరు మనిషి "ఐదంకణాల ఇల్లు" అంటే 360 చదరపు అడుగులు, ఎందుకంటే నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు. అదే మాట తిరుపతి వైపు అంటే సగమే, అక్కడ అంకణం 36. హత్య జరిగిన గది ఎంత, తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి మంచం కనపడుతుందా అనే ప్రశ్న వచ్చినప్పుడు ఈ లెక్క తారుమారైతే దృశ్యమే మారిపోతుంది. "బారెడు పొద్దెక్కినాక", "కోడికూసే యాళకి", "అన్నాలు తినే పొద్దు" లాంటి మాటలన్నీ కోర్టులో గంటలూ నిమిషాలూ కావలసిందే. మంచి డిఫెన్సు వకీలు ఈ మాటల్ని చెదరగొట్టడు, అంకెలుగా మారేదాకా ఓపిక పడతాడు.

సినిమా పొరపాట్ల జాబితా పాతదే కాబట్టి గబగబా చెప్పుకుని దాటేద్దాం. మన కోర్టుల్లో జడ్జి చేతిలో సుత్తి ఉండదు. భగవద్గీత మీద చెయ్యి వేయించరు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరున ప్రమాణం చేయవచ్చు, దేవుడు వద్దనుకున్నవాళ్ళు నిష్ఠతో నిజమే చెబుతామని ధ్రువీకరించవచ్చు. జ్యూరీ లేదు, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేకుండా పోయింది. ఆఖరి నిమిషంలో తలుపు తోసుకొచ్చే సాక్షి కూడా దాదాపు లేనట్టే. ప్రాసిక్యూషన్ ఆధారపడే కాగితాల నకళ్ళన్నీ విచారణకు ముందే ముద్దాయికి ఇచ్చి తీరాలి. కొత్త సాక్షిని పిలిచే అధికారం కోర్టుకు ఉంది, కానీ దానికి పిటిషన్ పడాలి, కౌంటర్ పడాలి, వాయిదా పడాలి. ఇక పోలీసు ముందు ముద్దాయి ఏడుస్తూ నేరం ఒప్పుకోవడంతో ముగిసే కథ, చట్టం దృష్టిలో ఇంకా మొదలే కాలేదు. పోలీసుకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. దాని ఆధారంగా ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువు దొరకడానికి దారితీసిన ముక్క వరకే చెల్లుతుంది. "కత్తిని ఫలానా కాలవలో పడేశాను" అన్న వాక్యానికి ఎక్జిబిట్ నంబరు పడుతుంది, దాని ముందున్న "నేనే పొడిచాను" అన్న వాక్యానికి పడదు.

గుంట దగ్గరికి తిరిగి వద్దాం. ఆ రాత్రి మొదటి కాగితం ఎఫ్ఐఆర్. చదివేవాళ్ళు అందులో కథ చూస్తారు, వకీళ్ళు గంటలు చూస్తారు. ఘటన ఎన్నింటికి, ఫిర్యాదు ఎన్నింటికి, మేజిస్ట్రేట్‌కు చేరింది ఎన్నింటికి అన్నవి మూడూ వేర్వేరు. హత్య కేసులో ఎఫ్ఐఆర్ కాపీని ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. కానిస్టేబుల్ అర్ధరాత్రయినా ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే, మేజిస్ట్రేట్ దాని మీద టైమూ తేదీ వేసి చిన్న సంతకం పెడతారు. రాత్రి పదిన్నరకు కేసు కట్టి, తెల్లవారుజామున రెండుకల్లా చేరిందంటే గట్టిగా ఉన్నట్టు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి చేరితే? "అప్పటిదాకా స్టేషన్‌లో కూర్చుని ఎవరెవరి పేర్లు పెట్టాలో ఆలోచించి, తర్వాత పాత టైము వేశారు" అని డిఫెన్సు వాదిస్తుంది. ఆలస్యం ఒక్కటే కేసును కొట్టేయదు, సరైన కారణం చెప్పగలిగితే చాలు. కారణం చెప్పాల్సిన కానిస్టేబుల్‌ను సాక్షుల జాబితాలో చేర్చడం మర్చిపోవడం మాత్రం తరచూ జరిగే తప్పు. మంచి కథకుడి చేతిలో ఆ చిన్న సంతకం ఒక అధ్యాయమవుతుంది.

తెల్లారాక శవ పంచనామా, దృశ్య పరిశీలన రిపోర్టు, రఫ్ స్కెచ్. పంచనామాలో పంచాయతీదారులు, అంటే సాక్షులుగా పిలిచిన మనుషులు, సంతకాలు పెడతారు. అందులో ముద్దాయి పేరు లేకపోతే కేసు పోయినట్టేనని చాలామంది అనుకుంటారు, కథల్లో కూడా అలాగే వాడతారు. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన పెద్ద నారాయణ కేసులో 1975లోనే సుప్రీంకోర్టు తేల్చింది: పంచనామా ఉద్దేశం చావు ఎలా సంభవించిందో చూడటం, ఎవరు చంపారో రాయడం కాదు.

రఫ్ స్కెచ్ దగ్గర అసలు తప్పులు జరుగుతాయి. రాత్రి ఘటనలో లైటు స్తంభం ఎక్కడుందో స్కెచ్‌లో లేకపోతే "మొహం గుర్తుపట్టాను" అన్న సాక్ష్యానికి కాళ్ళుండవు. రొయ్యల గుంటలో రాత్రంతా ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) తిరుగుతుంటాయి, కరెంటు పోతే డీజిల్ జనరేటర్ వేస్తారు. మరి ఆ రాత్రి లైటు కరెంటు మీద వెలిగిందా, జనరేటర్ మీద వెలిగిందా? జనరేటర్‌కు ఏరియేటర్లు మాత్రమే కలిపి, షెడ్డు లైటు కలపకపోతే? విద్యుత్ శాఖ ఏఈ దగ్గర సరఫరా వివరాలు తీసుకుని ఆయన్ను సాక్షిగా పెట్టిన దర్యాప్తు అధికారికి ఈ ప్రశ్న రాదు. పెట్టనివాడు ముద్దాయి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో "ఆ సంగతి నేను విచారించలేదు" అని చెప్పాల్సి వస్తుంది. ఆ ఒక్క వాక్యాన్ని తీర్పులో కోట్ చేస్తారు. పైగా ఏరియేటర్ల మోతలో కేక వినపడుతుందా అన్నది ఇంకో చిక్కు. కూతవేటు అన్న మాటే అక్కడ అర్థం మారిపోతుంది.

కత్తి దొరికింది. స్వాధీనానికి సాక్షులుగా ఉండే మధ్యవర్తులుగా ఇద్దరిని పిలుస్తారు, మన వైపు చాలా కేసుల్లో వాళ్ళు వీఆర్వోలే. ఊళ్ళోవాళ్ళు రారు, వచ్చినా కోర్టులో తిరగబడతారు, ప్రభుత్వ ఉద్యోగి అయితే సమన్లు వస్తే వస్తాడు అన్నది పోలీసుల లెక్క. ఈ లెక్కలోనే లొసుగు ఉంది. ఒకే వీఆర్వో నాలుగు కేసుల్లో మధ్యవర్తి అయి ఉంటాడు. వకీలు అవే అడుగుతాడు: ఫలానా నంబరు కేసులో మీరే మధ్యవర్తి కదా? రిపోర్టు ఎవరు రాశారు? స్టేషన్‌లో రాశారా, కాలవ గట్టు మీద రాశారా? కత్తి పిడి ఏ రంగు? మూడో ప్రశ్న దగ్గర తడబడితే మిగతావి అక్కర్లేదు.

కత్తిని గుడ్డలో చుట్టి, మధ్యవర్తుల సంతకాలున్న చీటీ అంటించి, లక్క సీలు వేసి, ఫారం 95తో కోర్టుకు పంపాలి. అక్కడి నుంచి లెటర్ ఆఫ్ అడ్వైస్ (ఏం పరీక్షించాలో చెప్పే లేఖ) మీద ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళుతుంది. స్వాధీనం చేసుకున్న తేదీకీ కోర్టుకు చేరిన తేదీకీ మధ్య ఇరవై రోజులుంటే ఆ ఇరవై రోజులూ అది ఎక్కడుంది? మాల్‌ఖానాలో (స్టేషన్ సొత్తు గదిలో) అంటే రిజిస్టర్ ఏది? కోర్టు చేరాక కూడా భయం పోదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టు ఆవరణలోనే దొంగలు పడి ఒక కేసు ప్రాపర్టీని (సాక్ష్యంగా దాచిన వస్తువులను) ఎత్తుకుపోయారు. ఆ ఏడాది నవంబరులో హైకోర్టు దాని దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కల్పనగా రాసి ఉంటే ఎడిటరు నమ్మడేమో!

ఇప్పుడు కాలవ గట్టు మీద కూడా సీసీ కెమెరాలున్నాయి. కథల్లో పెన్‌డ్రైవ్ చూపించగానే కేసు తేలిపోతుంది. కోర్టులో దానికి ధ్రువపత్రం జత కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఆ పత్రం రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి పరికరం చూసుకునే మనిషి ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ రాయాలి. ఈలోగా డీవీఆర్‌లో పాత రికార్డు మీద కొత్తది పడిపోతుంటుంది. వారం ఆలస్యంగా వెళ్ళిన అధికారికి మిగిలేది ఖాళీ తెరే. సెల్ టవర్ లొకేషన్‌ను కూడా కథకులు మరీ నమ్ముతారు. తీరం వెంబడి ఒక టవర్ కిందికి చుట్టుపక్కల ఎన్నో గుంటలు, పల్లెలు వస్తాయి. మనిషి ఆ ప్రాంతంలో ఉన్నాడని అది చెబుతుంది, ఆ షెడ్డులో ఉన్నాడని చెప్పదు.

ఛార్జిషీటు పడ్డాక కేసు పేరు మారుతూ పోతుంది. స్టేషన్‌లో క్రైమ్ నంబరు, మేజిస్ట్రేట్ దగ్గర పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు, సెషన్స్‌కు కమిట్ అయ్యాక, అంటే ఆ కోర్టుకు అప్పగించాక, ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు. ఛార్జిషీటులో ఎల్‌డబ్ల్యూ 4గా (జాబితాలో నాలుగో సాక్షిగా) ఉన్న మనిషి బోనెక్కాక పీడబ్ల్యూ 2 (ప్రాసిక్యూషన్ రెండో సాక్షి) అవుతాడు, మధ్యలో ఇద్దర్ని పీపీ (ప్రభుత్వ వకీలు) వదులుకుని ఉంటాడు కాబట్టి. కాగితాలకు పీ నంబర్లు, కత్తీ లుంగీ టార్చిలైటుకు ఎంఓ (మెటీరియల్ ఆబ్జెక్ట్) నంబర్లు. కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, కమిటల్‌కు 90 రోజులు, ఛార్జి మోపడానికి మొదటి వాయిదా నుంచి 60 రోజులు గడువు పెట్టింది. గడువులు కాగితం మీద ఉన్నాయి గానీ, సాక్షి బోనెక్కేసరికి ఏళ్ళు గడవడం మాత్రం మారలేదు. మేత చల్లే కూలీ ఈలోపు ఇంకో గుంటకు, ఇంకో ఊరికి పోయి ఉంటుంది. సమన్లు పట్టుకుని తిరిగే కోర్టు కానిస్టేబుల్ ఆమెను వెతికి తెస్తాడు. వచ్చిన రోజు జడ్జి సెలవు. రెండోసారి ముద్దాయి వకీలు టైము అడుగుతాడు. బత్తా కింద వచ్చే డబ్బు ఆమె ఒక రోజు కూలికి సాటి రాదు. మూడోసారికి ఆమె వస్తుందా అన్నదే కేసు.

ఈ మధ్యకాలంలోనే రాజీ జరుగుతుంది. చట్ట ప్రకారం హత్య రాజీ కుదిరే నేరం కాదు, కోర్టులో కాగితం పెట్టి ముగించలేరు. అందుకని ఊళ్ళో పెద్దమనుషుల ముందు జరిగిన రాజీ కోర్టులోకి వచ్చేటప్పుడు మతిమరుపు వేషం వేసుకుని వస్తుంది. మొదట్లో చెప్పుకున్న సాక్ష్యానికి బదులు ఆమె ఇలా చెప్పిందనుకోండి, చూడండి ఎంత పొడిగా ఉంటుందో:

"ఆ రోజు నువ్వు ఏం చూశావమ్మా?"

"నేనేం చూళ్ళేదయ్యా. పొద్దున్నే జనం పోగైతే పోయి చూశా."

పీపీ లేచి ఆమెను ప్రతికూల సాక్షిగా ప్రకటించమని అడుగుతాడు, జడ్జి అనుమతిస్తారు. ఇప్పుడు పీపీయే తన సాక్షిని క్రాస్ చేయాలి. పోలీసు వాంగ్మూలంలోని వాక్యాన్ని చదివి వినిపిస్తాడు.

"ఇలా పోలీసులకు చెప్పావా లేదా?"

"చెప్పలేదు."

"ముద్దాయి వాళ్ళతో కలిసిపోయి అబద్ధం చెబుతున్నావు."

"అబద్ధం చెబుతున్నానంటే నిజం కాదయ్యా."

ఎవరూ అరవరు. ఆ ఆఖరి వాక్యం ప్రతి డిపోజిషన్ చివరా ఉంటుంది, సాక్షులకది పాఠంలా వచ్చేస్తుంది. తర్వాతి పని ఆలస్యంగా, నిశ్శబ్దంగా జరుగుతుంది: దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టరు బోనెక్కినప్పుడు "ఆమె నా ముందు ఇలా చెప్పింది" అని అదే వాక్యాన్ని రుజువు చేయాలి. పీపీ ఇన్‌స్పెక్టరును అడగడం మర్చిపోతే ఆ వైరుధ్యం లేనట్టే. ప్రతికూల సాక్షి అనగానే ఆమె చెప్పిందంతా చెత్తబుట్టలో పడదు కూడా. నమ్మదగ్గ ముక్క ఏదైనా ఉంటే కోర్టు తీసుకోవచ్చు. "పొద్దున్నే జనం పోగైతే" అన్న మాట శవం అక్కడే ఉందని రుజువు చేయడానికి పనికొస్తుంది.

డిఫెన్సు క్రాస్ గురించి ఒక్క మాట. తెర మీద వకీలు ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు, సాక్షి కూలిపోతాడు. అనుభవమున్న వకీలు "ఎందుకు" అని అడగనే అడగడు. "మీరు ఆ చీకట్లో ఎలా గుర్తుపట్టారు?" అన్నాడంటే, "నాలుగేళ్ళుగా ఒకే గట్టు మీద పని చేస్తన్నాంగదయ్యా, నడక చూస్తే తెలియదా" అన్న జవాబు వస్తుంది. చీఫ్‌లో (తన సాక్షిని తాను అడిగినప్పుడు) పీపీ వదిలేసిన లోపాన్ని తన చేతులతో తానే పూడ్చినట్టు. అడగాల్సినవి అడిగి కూర్చోవడం కష్టమైన విద్య. చూడటానికి ఏమీ బాగుండదు, అందుకే సినిమాల్లో ఉండదు.

ప్రత్యక్ష సాక్షి పోయాక మిగిలేది పరిస్థితుల సాక్ష్యం. శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో 1984లో సుప్రీంకోర్టు చెప్పిన ఐదు సూత్రాలే ఇప్పటికీ కొలబద్ద. వాటి సారం: గొలుసులో ప్రతి లంకె విడిగా రుజువు కావాలి, అన్నీ కలిపి ముద్దాయి వైపు తప్ప ఇంకెటూ చూపకూడదు. కత్తి దొరికింది, కానీ మీద రక్తం మనిషిదని మాత్రమే రిపోర్టు వచ్చింది, గ్రూపు తేలలేదు. చివరిసారి ఇద్దరూ కలిసి కనపడ్డారు, కానీ చావుకు ముందు ఐదు గంటల ఖాళీ ఉంది. మేత బస్తాల లెక్కలో గొడవ ఉంది, కానీ ఆ గొడవ ముద్దాయితో పాటు ఇంకో ఇద్దరితోనూ ఉంది. ఇలాంటి మూడు "కానీ"ల దగ్గర సంశయ లబ్ధి, అంటే అనుమానం మిగిలితే అది ముద్దాయికి మేలు చేయడం, పుడుతుంది.

సాక్షులయ్యాక ముద్దాయిని జడ్జి నేరుగా అడిగే ఘట్టం ఒకటి ఉంది. పాత కోడ్‌లో 313, కొత్త సంహితలో 351. ప్రమాణం ఉండదు. ఒక్కో సాక్షి చెప్పింది వినిపించి "దీనికి ఏమంటావు?" అని అడుగుతారు. తొంభై పాళ్ళు జవాబులు "అబద్ధం", "తెలియదు". ఇంత నాటకీయమైన సన్నివేశాన్ని మన కథకులు ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు. మనిషి మొదటిసారి, వకీలు అడ్డం లేకుండా, జడ్జి కళ్ళలోకి చూసి మాట్లాడే చోటది. ముఖ్యమైన పరిస్థితి ఒకదాన్ని జడ్జి ఆ ప్రశ్నల్లో పెట్టకపోతే దాన్ని ముద్దాయికి వ్యతిరేకంగా వాడటం కష్టం. కేసు పై కోర్టులో తిరగబడటానికి ఇదో మామూలు కారణం.

తీర్పు రోజు "దోషి" అన్న మాటతో తెర పడుతుంది కథల్లో. కోర్టులో అప్పుడు శిక్ష మీద విడిగా వినాలి. ముసలి తల్లి ఉంది, చిన్నపిల్లలున్నారు, మొదటి నేరం అని చెప్పుకునేది అప్పుడే. మరణశిక్ష పడితే అది హైకోర్టు ధ్రువీకరిస్తే తప్ప అమలు కాదు, ముద్దాయి అప్పీలు వేసినా వేయకపోయినా. 2008లో ఒంగోలు పరిసరాల్లో జాతీయ రహదారి మీద లారీలు ఆపి, డ్రైవర్లనూ క్లీనర్లనూ చంపి, ఇనుము లోడ్లు అమ్ముకున్న ముఠా కేసులో 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి మరణశిక్ష వేసింది. ఘటనకూ ఆ తీర్పుకూ మధ్య పదమూడేళ్ళు. పేపర్లలో పెద్ద అక్షరాలు పడ్డ ఆ రోజున, చట్టం లెక్కలో కేసు సగం దారిలో ఉంది.

తర్వాత నడిచే కాలం ఇంకా పొడుగు. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. సుప్రీంకోర్టు ఆఖరి మాట చెప్పింది 2008 డిసెంబరులో, అంటే ఇరవై మూడేళ్ళ మీదట. బతికి బయటపడ్డవాళ్ళు ఊరు వదిలి చీరాలలో కాలనీ కట్టుకున్నారు. తీర్పు వచ్చేనాటికి ఆ కాలనీలో పుట్టిన పిల్లలకు పెళ్ళీడు వచ్చింది. కోర్టు కథ తర్వాతి కథ రాయాలనుకునేవాళ్ళు తీర్పు కాపీకంటే అలాంటి కాలనీ వీధిని ముందు చూడాలి.

శిక్ష పడ్డ మనిషి ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఆ సాయంత్రం చెముడుగుంటలోని నెల్లూరు కేంద్ర కారాగారం దారి పట్టవచ్చు. రిమాండులో గడిపిన రోజులు శిక్షలోంచి తీసేస్తారు. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్ళు అన్నది తెర నేర్పిన తప్పు. అర్థం జీవితాంతమే. పద్నాలుగేళ్ళు అన్నది మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడ్డవాళ్ళను విడుదల చేసే ముందు లోపల ఉండి తీరాల్సిన కనీసం. అప్పీలుకు మామూలుగా 60 రోజులు, మరణశిక్షకైతే 30. ముద్దాయి విడుదలైతే బాధితుల తరఫున కూడా అప్పీలు వేయవచ్చు, 2009 డిసెంబరు 31 నుంచి ఆ హక్కు ఉంది. అయినా కాపలా మనిషి భార్యకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. నష్టపరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చనీ, దానికి శిక్ష పడి తీరాల్సిన పని లేదనీ కూడా చెప్పరు.

తీర్పు ప్రతి చివరి పేజీ ఎవరూ చదవరు. శిక్ష అయినా విడుదల అయినా అక్కడ ఒక పేరా ఉంటుంది: ఎంఓ 1 కత్తి, ఎంఓ 2 లుంగీ, అప్పీలు గడువు తీరాక, అప్పీలు ఉంటే అది తేలాక, ధ్వంసం చేయాలి. ఎంఓ 4 సెల్‌ఫోను, ఎంఓ 5 టార్చిలైటు మృతుడి భార్యకు ఇవ్వాలి. ఆమె గుర్తింపు కార్డుతో, అర్జీతో వచ్చి, ప్రాపర్టీ రిజిస్టర్‌లో వేలిముద్ర వేసి తీసుకోవాలి. అప్పటికి టార్చిలైటులో బ్యాటరీలు కారి, లోపలి స్ప్రింగు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. చుట్టూ కట్టిన చీటీ మీద ఇద్దరు వీఆర్వోల సంతకాలు మాత్రం చదవడానికి వీలుగానే ఉంటాయి.